పదికి మూడే

“మీరే చంపారు దీన్ని! తయారుచేసినవాళ్ళు సగం చంపితే, పదికి తొమ్మిది మార్కులేసి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు మిగతా సగం చంపారు!”

రేపల్లెలో తన అద్దెగదిలో, ఫోను కెమెరా ముందు అనుదీప్ గొంతు చించుకుంటున్నాడు. పగలు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. సాయంత్రం వీడియో గేములు ఆడి, వాటి మంచీచెడూ తెలుగులో చెప్పి వీడియోలు పెడతాడు. ఈసారి దొరికింది ‘శాపకోట’ రెండో భాగం. చీకటి కోట, కత్తి, కోరలున్న రాక్షసులు. లోకమంతా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది.

“మొదటి భాగంలో కొమ్ము ఊదితే ఎక్కడో కూర్చున్న ఇంకో ఆటగాడు సాయానికి వచ్చేవాడు. పేరు తెలీదు, ఊరు తెలీదు. వచ్చి పక్కన నిలబడేవాడు. రెండో భాగంలో ఆ కొమ్ము తీసేశారు. అదేంట్రా అంటే, ఒంటరితనమే ఈ ఆటకి అందమని రాస్తున్నారు. అందమంట! ఒంటరిగా ఉన్నవాణ్ణి అడగండి, అందమో కాదో చెప్తాడు! పదికి మూడు. అదీ ఎక్కువే.”

వీడియో పెట్టిన పది నిమిషాలకి ఫోను మోగింది. ‘సెకన్ల ముల్లు’ అనే పేరుతో ఒక కామెంటు.

“ఆఖరి రాక్షసుణ్ణి కొట్టావా? కొట్టకుండా మార్కులెయ్యడానికి నువ్వెవడివి?”

అనుదీప్‌కి ఒళ్ళు మండింది. గంటల కాపరి అనే ఆ ఆఖరి రాక్షసుడి చేతిలో అరవై మూడుసార్లు చచ్చాడు మరి. నలభై లైన్ల జవాబు రాశాడు. అవతలివాడు యాభై రాశాడు. వారం రోజులు ఇదే పని. బాపట్ల నుంచి అక్క మనీషా ఫోను చేస్తే “ఊఁ, తిన్నా, ఉంటా” అని మూడు ముక్కలతో పెట్టేసేవాడు, ఈ శత్రువు కోసం ఇడ్లీ చల్లారిపోతున్నా రాస్తూ కూర్చున్నాడు. ఆ వారంలో అతను అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

చివరికి తెగేసి రాశాడు. “నా కళ్ళముందు కొట్టి చూపించు. కొడితే మూడుని తొమ్మిది చేస్తా. కొట్టలేకపోతే మళ్ళీ నా ఛానెల్ గుమ్మం తొక్కకు.”

“ఆదివారం తెనాలి రా” అని జవాబొచ్చింది. కింద అడ్రసు.

ఆదివారం మధ్యాహ్నం తెనాలిలో రైలు దిగి, మార్కెట్ వెనక సందులో వెతికి పట్టుకుంటే అదొక వాచీలు బాగుచేసే కొట్టు. బల్ల వెనక అరవై దాటిన సాయిబు ఒకాయన, కంటికి భూతద్దం. గోడనిండా గడియారాలు. మూలన టీవీ, దానికి తగిలించిన గేము పెట్టె. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

“బాబాయ్ గారూ, మీ అబ్బాయిని పిలుస్తారా? గేములు ఆడతాడే, అతన్ని.”

“అబ్బాయెవరూ లేరు బాబూ. నేనే. ఇమాముద్దీన్.” ఆయన తువ్వాలుతో స్టూలు తుడిచాడు. “కూర్చో. ఇంత బక్కగా ఉన్నావేంటి? నీ తిట్లు చూసి పహిల్వాన్ వస్తాడనుకున్నా.”

“మీరా! నన్ను కోడిమెదడని రాసింది మీరా?”

“నువ్వు నన్ను పాలుతాగే పిల్లోడా అన్లేదూ?”

అనుదీప్ నవ్వు ఆపుకున్నాడు. నవ్వితే ఓడిపోయినట్టే.

“ఆడండి చూద్దాం.”

తెరమీద గంటల కాపరి కొండంత గంట పైకెత్తాడు. ఇమాముద్దీన్ కంగారుపడలేదు. కళ్ళు సగం మూసి, చెవి తెరవైపు తిప్పి, నాలుకతో లెక్కపెట్టాడు. టిక్. టిక్. టిక్. మూడో టిక్కుకి పక్కకి దొర్లాడు. గంట ఉత్త నేలని కొట్టింది. నలభై ఏళ్ళు గడియారం చప్పుడు విని జబ్బేంటో చెప్పిన చెవి అది. దానికి కళ్ళతో పనిలేదు. పావుగంటలో రాక్షసుడు కూలాడు.

గెలిచిన వీరుడు ఖాళీ కోటలో ఒక్కడే నిలబడ్డాడు. భుజం తట్టేవాడు కూడా లేడు. కొట్లో గోడమీది గడియారాలు కొట్టుకుంటున్నాయి.

అనుదీప్ ఫోను తీశాడు. వేలు కదలడం లేదు. తొమ్మిది వేస్తే మాట నిలబడుతుంది. పోట్లాట అయిపోతుంది. రేపట్నుంచి ఈ ఫోను మోగదు.

“మాటిచ్చాను కదండి. తొమ్మిది వేసేస్తున్నా.”

ఇమాముద్దీన్ చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఎయ్యకు!”

“గెలిచారు కదండి?”

“గెలిస్తే? నేనైతే రెండే వేస్తా. ఆ కొమ్ము తీసేశాక ఇంకేముంది దీంట్లో?”

“మరి వారం రోజులు నన్నెందుకండి తిట్టిపోశారు?”

ఆయన బల్లమీది భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“నీ పోయిన వీడియో కింద ‘బాగా చెప్పావు బాబూ’ అని పెట్టా. నువ్వో బొటనవేలు బొమ్మ కొట్టి వెళ్ళిపోయావు. ఈసారి తిట్టా. నలభై లైన్లు రాశావు.”

ఆ మెచ్చుకోలు అనుదీప్‌కి గుర్తే లేదు.

“ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటే,” ఇమాముద్దీన్ చెయ్యి వదల్లేదు. “ఆ మూడుని ఒకటి చెయ్యి. ఇక్కడే, నా ముందే చెయ్యి. నీ రైలు రేపల్లె చేరేలోపు నేను తిట్టడం మొదలెట్టాలి.”