రాగసుధ బొమ్మ

“ఎడమ కన్ను ఇంకాస్త చిన్నది చేయండి,” అంది ఛాయాదేవి, రవికాంత్ భుజం వెనక నిలబడి.

రవికాంత్ కుంచె ఆపి, ఎదురుగా కుర్చీలో ఉన్న అమ్మాయి వంక చూశాడు. రెండు కళ్లూ సమానంగానే ఉన్నాయి.

“ఉన్నది ఉన్నట్టే వేశానండీ.”

“తనకు ఎడమది చిన్నదండీ. నాకు తెలీదా?”

కన్ను చిన్నది చేశాడు.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు మీది ఫ్లాటు అది. మోత వినలేనని ఛాయాదేవి కిటికీలన్నీ మూసి ఉంచేది. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన బయటికి పోయే దారి లేక గదిలోనే తిరిగేది. ఈ పని ఎందుకు ఒప్పుకున్నానా అని రవికాంత్ రోజూ అనుకునేవాడు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పైన అతనికో గది ఉంది. అక్కడ వంకాయలు, ఇత్తడి చెంబులు, సగం ఒలిచిన బత్తాయిలు ముందు పెట్టుకుని ఆయిల్ పెయింటింగులు వేసేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చినవాళ్లు కొత్త ఇళ్లలో భోజనాల బల్ల పైన తగిలించుకోవడానికి కొనుక్కునేవారు. వస్తువులతో పేచీ లేదు. వెలుతురు ఎటు నుంచి పడుతోందో కనిపెడితే చాలు, వంకాయ తన నునుపు తనే చెబుతుంది. మనిషి అలా కాదు. తను ఎలా కనిపించాలనుకుంటాడో ఆ ముఖం పెట్టుకుని కూర్చుంటాడు. అది అలిసిపోయి జారేదాకా కాచుకుని ఉండాలి. జారినప్పుడు దొరికేదే అసలు ముఖం.

అందుకే అతను ఫోటోలు చూసి మనుషుల్ని వేసేవాడు కాదు. ఛాయాదేవి మొదటిసారి వచ్చి, “మా అమ్మాయి రాగసుధ బొమ్మ కావాలండీ, ఫోటోలు తెచ్చాను,” అన్నప్పుడు ఆ కవరు విప్పనైనా విప్పనివ్వలేదు.

“ఫోటోతో నాకు పనిలేదండీ. మనిషి నా ఎదురుగా కూర్చోవాలి.”

ఆవిడ కవరు తీసుకుని వెళ్లిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. “కూర్చుంటుందండీ. ఎలాగో ఒప్పించాను.”

ఎలా ఒప్పించిందో గానీ, ఆ అమ్మాయి కుర్చీలో బిగుసుకుపోయి కూర్చునేది. నెమలికంఠం రంగు పట్టుచీర, వదులైన జాకెట్టుకి వెనక పిన్నీసులు. గడ్డం ఎంత ఎత్తాలో, చేతులు ఎక్కడ పెట్టాలో అన్నీ ఛాయాదేవే సర్దేది. “రాగా” అని పిలిస్తే ఆ పిల్ల వెంటనే పలికేది కాదు.

“జర లేస్తా. కాళ్లు తిమ్మిరెక్కినయ్,” అంది ఒకరోజు.

“అలా మాట్లాడొద్దన్నానా? తిమ్మిరెక్కాయి, అను.”

“తిమ్మిరెక్కాయి.” గోడ గడియారం వంక చూసి, “ఒరాకిల్ కంప్యూటర్ క్లాసు ఉంది నాకు,” అంది.

“రేపు వెళ్దువుగాని తల్లీ. ఇంకాసేపు కూర్చో.”

రవికాంత్‌కు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో పెరిగిన పిల్ల ఈ ఊరి మాట మాట్లాడితే తప్పేమిటి? కళ్లూ మార్చాలి, మాటా మార్చాలి. తను బల్ల మీద చెంబునీ బత్తాయినీ సర్దుకున్నట్టు, ఈవిడ కూతుర్ని సర్దుకుంటోంది. తను మాత్రం ఏం చేస్తున్నాడు? ఆవిడ చెప్పినట్టల్లా కుంచె కదుపుతున్నాడు. కాన్వాసు మీద అమ్మాయి రోజురోజుకీ కుర్చీలో అమ్మాయికి దూరమైపోతోంది.

ఒక మధ్యాహ్నం ఛాయాదేవి పక్కింటికి వెళ్లింది. తలుపు మూసుకోగానే ఆ పిల్ల భుజాలు దిగాయి. చెంప చేతికి ఆనించి, మూసి ఉన్న కిటికీ వంక చూస్తూ ఉండిపోయింది. రవికాంత్ ఇన్నాళ్లూ కాచుకున్నది ఆ ముఖం కోసమే. పాత గీతలు చెరిపేసి, చకచకా వేశాడు. అలిసిన పెద్ద కళ్లు, కొరుక్కున్న పెదవి. చాలా కాలానికి ఒక మనిషిని వేశాననిపించింది.

ఛాయాదేవి తిరిగి వచ్చి కాన్వాసు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత టర్పెంటైన్ గుడ్డ అందుకుని, అతను ఆపేలోపే ఆ ముఖం మొత్తం తుడిచేసింది.

“ఏంటండీ ఈ పని?”

“ఇది మా అమ్మాయి కాదు.”

“మీ అమ్మాయేనండీ. మీరే తనని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. కన్నబిడ్డ ముఖం నచ్చని తల్లిని మిమ్మల్నే చూస్తున్నాను.”

ఛాయాదేవి రంగు గుడ్డ పట్టుకునే లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

రవికాంత్ కుంచెలు సంచిలో పడేశాడు. “లేమ్మా. నిన్ను క్లాసు దగ్గర దింపుతాను. ఇక నిన్నెవరూ ఇలా కూర్చోబెట్టరు.”

ఆ అమ్మాయి లేచింది. తలుపు దాకా వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. లోపలి గదిలోంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గడియ వదిలేసి, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే గడ్డం ఎత్తింది, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“మళ్ల వెయ్యుండ్రి సార్. ఆమె చెప్పినట్టే వెయ్యుండ్రి.”

“ఎందుకమ్మా అంత భయం?”

“భయం కాదు.” ఆ పిల్ల లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది.

“రాగసుధ పోయినేడే చనిపోయింది సార్.”