గడ్డి వేళ్ల వాసన

"బావి పక్క దుబ్బు కూడా పీకవే" అంది అత్త.

కోడలు గడ్డి దుబ్బు పీకి, మట్టి దులిపి, వేళ్లు వాసన చూసింది. భూమిలో ఆయిలు కంపెనీ పైపు పగిలి పెరడంతా ఆయిలు ఇంకితే, మట్టిని బాగుచేస్తుందని కంపెనీవాళ్లు ఈ గడ్డి నాటి రెండేళ్లయింది. నెలనెలా పీకి చూస్తే వేళ్లలో ఆయిలు వాసన తగ్గుతూ వచ్చింది. అది పూర్తిగా పోయాకే బావి నీళ్లు తాగాలన్నారు.

"కిరసనాయిలు కంపు కొడుతోంది అత్తయ్యా."

"మూడో నెల కదా, నీకిప్పుడు పాలు కూడా కంపే. ఇటివ్వు."

అత్త నవ్వుతూనే వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. వాసన పోయిన నెలకంటే ఘాటుగా ఉంది. వేళ్లను పిండితే అరచేతిలో ఆయిలు మెరిసింది.

"పైపు ఇంకా కారుతూనే ఉందే. బాగుచేశామని మన కళ్లకు గంతలు కట్టి పోయారు."

"మరి గడ్డి ఇంత పచ్చగా ఉందేమిటి?"

"పైపై పచ్చదనం చూసి మురిసిపోతే ఎలాగే? దూరమైనా వీధి కుళాయి నీళ్లే మనకు గతి."

కోడలు తలెత్తలేదు.

"ఏమయిందే?"

"బరువులు మోయొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా అత్తయ్యా. గడ్డి పచ్చగానే ఉంది కదా అని, నెల్లాళ్లుగా బావి నీళ్లే తోడుకుని తాగుతున్నాను."