పగలని సంఖ్య

"తలుపు కొట్టకే! ఆయన పనిలో ఉన్నారు," అంది అత్తయ్య, గోడ తడుముకుంటూ వచ్చి.

మేనకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపుకి బయటివైపు ఓ పెద్ద కాగితం అంటించి ఉంది. దాని నిండా అంకెలే, చీమలబారుల్లా. అన్నీ కలిపి ఒకే ఒక్క సంఖ్య. పెళ్ళయిన ఏడాదికే అంటించాడు లెక్కల లెక్చరరు మావయ్య. అది పగిలేదాకా తనని ఎవరూ కదిలించకూడదు. ఇక పెళ్ళికీ రాడు, చావుకీ రాడు.

"సంఖ్య పగలడమంటే ఏమిటే? ఇన్నేళ్ళూ అడగలేదు, సిగ్గేసి."

మేనకోడలు కూడా కాలేజీలో లెక్కలే చెబుతుంది. "పదిహేనుంది చూడు అత్తయ్యా, మూడుని ఐదుతో గుణిస్తే వచ్చింది. దీనికీ అలాంటివి రెండున్నాయి, చాంతాడంతవి. ఉన్నాయని పరీక్ష చేసి తేల్చచ్చు. ఏవో కనుక్కోవడమే ఎవరి తరమూ కాదు. గుణించడం నిమిషం పని, విడదీయడానికి జన్మ చాలదు."

"అంటే అమ్మానాన్నా ఉన్నారు, వాళ్ళెవరో తెలీదు. పాపం!" అత్తయ్య నవ్వింది. "అందుకేనే దాన్నంత సాకుతున్నారు."

చెప్పొద్దూ, ఆవిడకి అంకెలంటే మొదట్నించీ ముచ్చటే. కొత్తకాపురంలో అందరూ దిండు గలీబుల మీద చిలకలు కుట్టుకుంటే, ఆవిడకి మొగుడు అంకెలు రాసిచ్చాడు. అంచు చుట్టూ తీగకి బదులు అంకెలు. ఆయన దిండుకో వరస, ఆవిడ దిండుకో వరస. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ మాత్రం మురిసిపోయింది. దారం వెలిసినప్పుడల్లా అదే గీత మీద మళ్ళీ కుట్టింది, చూపు ఆనినంత కాలం.

ఇప్పుడా చూపుకే ముప్పొచ్చింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందన్నాడు డాక్టరు. వెంటనే ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలుస్తుంది. పోయిందంటే మళ్ళీ రాదు.

"పద, నేను తీసుకెళ్తా," అంది మేనకోడలు.

"ఆయన పక్కన లేందే కత్తికి కన్ను అప్పగించలేనే తల్లీ."

మేనకోడలు ఇక ఆగలేదు. తలుపు దబదబా బాదింది.

"మావయ్యా! ఒక్క పూట రా. నీ సంఖ్య ఎక్కడికీ పారిపోదు."

తలుపు జానెడు తెరుచుకుంది. "ఇప్పుడిప్పుడే దారికొస్తోందమ్మా. అది పగలనీ, మీ అత్తయ్యని నేనే ఎత్తుకెళ్తా."

"ఎప్పుడు పగులుతుంది?"

"మహామహా పండితులే చేతులెత్తేశారు. నన్నడిగితే?"

లోపల గడియ పడింది.

అత్తయ్య మొహం చేటంతయింది. "విన్నావుటే? ఎత్తుకెళ్తారట, ఈ వయసులో!"

వానలు వెలిసేసరికి ఆవిడకి పగలూ రాత్రీ ఒకటైపోయాయి. మేనకోడలు పరుగున వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది.

"ఆయన్నేమీ అనకే," అంది అత్తయ్య. "అది పగలకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు?" వేళ్ళతో దిండు అంచు తడుముకుంది. "ఇదుగో, ఏడుతో మొదలు, ఇది నాది. ఆయనది అటుంది. దారం వెలిసిందేమో కాస్త చూడు."

మేనకోడలు చూసింది. ఆ దిండు చూసింది, ఈ దిండు చూసింది. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమిటే ఆ టకటకా?"

"ఏం లేదత్తయ్యా. చిన్న లెక్క."

ఆవిడ దిండునీ ఆయన దిండునీ గుణిస్తే, తలుపు మీది సంఖ్య ఒక్క అంకె తేడా లేకుండా వచ్చింది.