పౌను పెరిగిన రోజు

"మేష్టారూ, పేపరు చూశారా?" సైకిలు దిగుతూనే అడిగాడు బుల్లయ్య.

యేసుపాదం మేష్టారు అరుగు మీద కూర్చుని గొడుగుకి మాసిక వేసుకుంటున్నారు. "లేదండీ. ఏవిటి విశేషం?"

"రూపాయి విలువ తగ్గించేశారంట. మొన్నటిదాకా పదమూడు రూపాయల చిల్లరున్న ఇంగ్లీషు పౌను ఇప్పుడు ఇరవై ఒకటి."

మేష్టారి చేతిలో సూది ఆగిపోయింది.

బుల్లయ్యకి కావలసింది అదే. ప్రత్తిపాడులో అతను మిరపకాయలు ఎండబోసే కళ్లం పక్కనే మేష్టారికి అరెకరం ఉంది. నాలుగేళ్లుగా అడుగుతున్నా అమ్మనంటారు. కూతురు రెబ్కా నర్సు చదువుకి లండన్ వెళ్లినప్పుడు కూడా ఓడ ఛార్జీకి అప్పు చేశారు గానీ, ఆ నేల చెక్క మాత్రం వదల్లేదు. ఇప్పుడు వదలక చస్తాడా అనుకున్నాడు బుల్లయ్య.

"నిజంగా ఇరవై ఒకటేనా?" మేష్టారు గొడుగు పక్కన పెట్టారు.

"రేడియోలో కూడా చెప్పారండీ."

మేష్టారు పెన్సిలు తీసి, బుల్లయ్య తెచ్చిన పేపరు అంచున లెక్క వేశారు. నమ్మకం కుదరక మళ్లీ వేశారు. "నెలకి ఆరు పౌన్లు. ఎనభై అల్లా నూట ఇరవై ఆరయింది. నా జీతం కంటే ఎక్కువండీ." కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

లోపల్నించి వచ్చిన భార్య కొండమ్మ ఆ మాట విని గడపలోనే కూలబడింది. చెంగు మొహాన కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

బుల్లయ్యకి మనసు చివుక్కుమంది. రెండువేలకి బేరం ఆడదామని వచ్చినవాడు, "ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకూడదు మేష్టారూ. మీ అరెకరానికి మూడువేలిస్తాను. మీకోసమే," అన్నాడు.

"వద్దండీ, అమ్మను."

"మరి నెలనెలా అంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తారు?"

మేష్టారు అర్థంకానట్టు చూశారు. "నేను తేవడమేవిటండీ? అక్కడ నర్సు చదివేవాళ్లకి ఆస్పత్రివాళ్లే జీతమిస్తారు. డబ్బు పంపేది మా అమ్మాయి."