చిక్కుడుకాయల బొమ్మ

"శనివారం నుంచి తలుపులు తీయొద్దమ్మా. కమిటీ తీర్మానం అయిపోయింది," అన్నాడు రామకోటేశ్వరరావు, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

రేణుక చేతిలోని తుడుపుగుడ్డ అక్కడే ఆగిపోయింది.

కంకిపాడులో చిత్రకారుడు సోమలింగం గారు బతికిన పెంకుటిల్లు అది. ఆయన పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆయన గీసిన బొమ్మలు, కుంచెలు, పడక్కుర్చీ ఇంకా ఆ గదుల్లోనే ఉన్నాయి. ఆ ఇంటిని మ్యూజియంగా నిలబెట్టింది విజయవాడలోని మిత్రమండలి ట్రస్టు. దానికి రామకోటేశ్వరరావు అధ్యక్షుడు. తలుపులు తీయడం, దుమ్ము దులపడం, వచ్చినవాళ్ళకి బొమ్మలు చూపించడం రేణుక పని.

"మరి బొమ్మలేం కావాలి సార్?"

"సిటీలో పెద్ద గ్యాలరీ వాళ్ళు తీసుకుంటామన్నారు. ఏసీ హాలు, మంచి లైట్లు. రోజూ జనం చూస్తారు. ఇక్కడెవరు చూస్తున్నారు చెప్పు? వానొస్తే పెంకుల్లోంచి నీళ్ళు. మొన్న ఆదివారం ఎవరైనా వచ్చారా?"

రేణుక గుడ్డ మడతపెడుతూ తల అడ్డంగా ఊపింది.

"పోనీ, ఈ వారమంతా?"

"ఒకరొస్తారండి," అంది మెల్లగా. "రోజూ వస్తారు. ఆ ఒక్కరే."

"ఒక్క మనిషి కోసం ఇల్లు నడపలేం కదమ్మా."

"నిజమే సార్. అయితే ఆ మాట ఆవిడకి మీరే చెప్పండి. నా నోటితో నేను చెప్పలేను. బస్సు దిగి వచ్చే వేళయింది."

రామకోటేశ్వరరావు వాచీ చూసుకున్నాడు. సాయంత్రం రక్తదాన శిబిరం ముగింపు సభ, ఆ తర్వాత వృద్ధాశ్రమం మీటింగు. రెండుచోట్లా ఆయనే పెద్ద.

"ఎవరావిడ?"

"పేరు చెప్పరండి. అడిగితే నవ్వేస్తారు. అరవై దాటి ఉంటాయి. భోజనాలయ్యాక వస్తారు, దీపాలు పెట్టే వేళకి వెళ్తారు. మిగతా గదుల వైపు పోనే పోరు. ఇదుగో, ఈ బొమ్మ ముందే కుర్చీ వేసుకుని కూర్చుంటారు."

బొమ్మలో ఇద్దరు ఆడవాళ్ళు వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఒకావిడ ఏదో చెబుతోంది. రెండో ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని, నవ్వాపుకుంటూ వింటోంది.

"అంతసేపూ ఇందులో ఏం చూస్తారు?"

"చూడరండి, మాట్లాడతారు. ఆ బొమ్మలో వాళ్ళతో. పొద్దున ఏం కూర వండారో, మోకాలు ఎలా సలుపుతోందో, కల్లో వాళ్ళమ్మ కనిపించి ఏమందో. మొదట్లో నాకు భయమేసింది, మతి తప్పిన మనిషేమోనని. కాదండీ. చక్కటి మనిషి. నేను అన్నం తిన్నానో లేదో అడిగి మరీ వెళ్తారు."

"ఆవిడకెవరూ లేరా?"

"ఒకసారి అడిగానండి, ఇంట్లో ఎవరుంటారమ్మా అని. 'ఎవరూ ఉండరమ్మా' అన్నారు. మళ్ళీ అడగడానికి నాకు నోరు రాలేదు."

రామకోటేశ్వరరావు ఆ కుర్చీలో కూర్చున్నాడు. రేణుక పెరట్లోకి వెళ్ళింది.

ఆవిడ రాగానే ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాడు. 'చూడండమ్మా, రోజులు మారాయి...' అక్కడే ఆగిపోయింది మాట. ఇల్లంతా నిశ్శబ్దం. ఎక్కడో కాలువ అవతల వరికోత మిషను మోత వినిపించేది, అదీ ఆగిపోయింది. పెంకుల సందులోంచి పడిన ఎండముక్క బొమ్మ అంచు మీదికి పాకింది. జేబులో ఫోను మోగింది. తీయలేదు. ఇలా ఊరికే ఒకచోట కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు రాలేదు.

బొమ్మలో ఆ ఇద్దరి పక్కన చాప మీద కాస్త ఖాళీ ఉంది. ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే సరిపోయేంత. ఆ ఖాళీ వంక చూస్తుంటే సాయంత్రం మీటింగు గుర్తొచ్చింది. వృద్ధాశ్రమంలో ఎంతమందికో పళ్ళు పంచాడు, దుప్పట్లు కప్పాడు, పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. వాళ్ళకి కనీసం పక్క మంచం వాళ్ళున్నారు. గోడ మీది రంగులకి తన మోకాలి నొప్పి చెప్పుకునే మనిషి కూడా ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

రేణుక మంచినీళ్ళు తెచ్చింది.

"మూయొద్దులే అమ్మా," అన్నాడు. "కమిటీతో నేను మాట్లాడతాను. పెంకులు నేయిద్దాం. ఈ బొమ్మ మాత్రం ఇక్కణ్ణుంచి కదలదు. నా అన్నవాళ్ళు లేని మనిషి, ఉన్న ఈ కాస్త తోడూ లేకుండా చేస్తామా?"

రేణుక కళ్ళు తుడుచుకుంది. "ఆ మాట కూడా మీరే చెప్పండి సార్."

బయట గేటు కిర్రుమంది. రేణుక పరుగున ఎదురెళ్ళింది.

"రండమ్మా, ఇవాళ ఆలస్యమైందే! మీకో మంచి కబురు."

రామకోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. ఆవిడ గుమ్మంలో ఆగి గొడుగు మూస్తోంది. వెనక ఎండ కొడుతుండటంతో ముఖం ఆనలేదు. లోపలికి అడుగు పెడుతుండగానే వినయంగా రెండు చేతులూ జోడించాడు.

"వీరు మా ప్రెసిడెంట్ గారమ్మా," అంది రేణుక.

"తెలుసమ్మా. పేపర్లో చూస్తుంటాను," అంది ఆవిడ.

జోడించిన చేతులు దించడం మర్చిపోయి, భార్య ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు రామకోటేశ్వరరావు.