ఎడమవైపుకు తిప్పే వేళ

మంచం పట్టిన అత్తగారిని రాత్రిళ్లు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టకపోతే వీపంతా పుళ్లు పడతాయి. ఆ పని కోడలిదే. పగలంతా కుట్టుమిషను, రాత్రంతా ఈ మంచం. ఆకలీ నిద్రా ఆమెను ఎప్పుడో వదిలేశాయి.

"ఈ ఒక్క రాత్రికి నేను చూసుకుంటాలే వదినా. నీ మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. వెళ్లి పక్కగదిలో పడుకో," అంది ఊరినుంచి వచ్చిన ఆడపడుచు.

పడుకుంది. కానీ అలవాటు ఊరుకోనివ్వలేదు. లేచి వచ్చి చూస్తే ఆడపడుచు కుర్చీలోనే గుర్రుపెడుతోంది. అత్తగారిని మాత్రం ఎవరో అప్పటికే కుడివైపుకు తిప్పారు. వీపు వెనక గుడ్డపీలికలు కూరిన దిండు, ఒరుసుకోకుండా అంచు లోపలికి మడిచి ఉంది. అలా మడవడం ఆ ఇంట్లో కోడలికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"మిమ్మల్నెవరు తిప్పారత్తయ్యా?"

"అదేంటే, ఇప్పుడేగా నువ్వు తిప్పి వెళ్లావు," అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "నీ చేతులేంటి, అంత చల్లగా ఉన్నాయి? కాసేపు నడుం వాల్చవే తల్లీ."

కోడలు చేతులు చెంపలకు ఆనించుకుంది. చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

పక్కగదిలో మంచం కిర్రుమంది. వెళ్లి తలుపు తోసింది. తన మంచం మీద, తన దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి ఎవరో పడుకుని ఉన్నారు. కిందకి వేలాడుతున్న జడ కూడా తనదే. ఒళ్లెరగని నిద్ర.

భయపడాలని తోచింది గానీ, అందుకు ఓపిక లేకపోయింది.

"పాపం, ఇన్నాళ్లకు పడుకుంది," అనుకుంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, అత్తగారిని ఎడమవైపుకు తిప్పడానికి వెళ్లింది.