చిన్నాన్న తిన్న చేప

అమ్మగారికి, నా రాత వంకర, తప్పులుంటే మన్నించండి. మసాకా దగ్గర మీరు సాయం చేసే అనాథల బడిలో వంటవాణ్ణి.

మీరు చదివిస్తున్న నబ్బోసా కోసం నిన్న ఒకడొచ్చాడు. "నేను దీని సొంత చిన్నాన్నని, తీసుకుపోతా" అన్నాడు. కూర్చోబెట్టి అరటిముద్దతో మాంబా చేప వడ్డించాను. పిల్లది మాంబా వంశం. ఆ వంశంవాళ్లు ఆ చేపను ముట్టరు.

"ఇంకో ముక్క వెయ్యి పెద్దాయనా, మరీ అంత పిసినారివా?" అన్నాడు.

పిల్ల నా వెనక నక్కి, "తాతా, ఈయన మావాడు కాదు" అంది.

ఊరివాళ్లను కేకేశాను. వాడు పరుగెత్తాడు. జేబులోంచి పిల్ల ఫోటో పడింది.

అది మేం మీ ఒక్కరికే పంపిన ఫోటో. వాడికెలా చేరిందో త్వరగా జవాబు రాయండి.